అబ్బాజాన్ థాన్, కెర్నల్ పేజీ

షాదీల్లో, వలీమాల్లో నన్ను చూసిన ప్రతి పెద్దాయనా ఒకటే సవాల్ వేస్తారు. "బేటా, హైదరాబాద్‌లో నువ్వు చేసే పనేమిటి?" సాఫ్ట్‌వేర్ అంటాను. "ఏ సాఫ్ట్‌వేర్?" ఎంబెడెడ్ కెర్నల్ అంటాను. అక్కడితో బాత్ ఖతం. బిర్యానీ ప్లేటు వైపు చూసి "మాషా అల్లా, బాగుంది" అని సరిపెట్టుకుంటారు. మా ఇంట్లోనూ చాలా ఏళ్లు ఇదే హాల్. తెనాలిలో మా అబ్బాజాన్ దర్జీ. కొడుకు కంప్యూటర్ లోపల ఏదో కుడతాడని ఆయనకు తెలుసు. ఏం కుడతాడో తెలీదు.

ఈ మధ్య ఇంట్లో ఒక మసలా వచ్చి, ఆ పనేమిటో అబ్బాజాన్‌కీ, రేపల్లెలో ఉండే మా దూలాభాయ్‌కీ కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. మీ ఇళ్లల్లోనూ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఉంటారు. వాళ్లు చెప్పేది అర్థంకాక మీరు, మీకు ఎలా చెప్పాలో తెలీక వాళ్లు పడే తక్లీఫ్ నాకు తెలుసు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మసలా ఇది. మా ఆపా కూతురు, నా భాంజీ, బాపట్లలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. తన ప్రాజెక్టు, నడిచే గుడ్డ మీద కెమెరా పెట్టి చిరుగులు, మరకలు, తెగిన పోగులు పట్టుకోవడం. బాపట్ల జిల్లాలోనే చీరాల ఉంది, మగ్గాల ఊరు. ఇటు చూస్తే నానాజాన్ దర్జీ. ఈ షౌక్ తనకెలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. పరీక్ష చేసుకోవడానికి అబ్బాజానే చిరుగుల గుడ్డ మూట కట్టి పంపారు.

తన దగ్గర ఉన్నది కార్టెక్స్-ఏ53 చిప్పు, 1 జీబీ మెమరీ ఉన్న పాత బోర్డు. గుడ్డ నెమ్మదిగా నడిస్తే అంతా బాగానే ఉంది. కాస్త వేగం పెంచగానే ఫ్రేములు పోవడం మొదలైంది. ఫ్రేము పోయిందంటే ఆ ముక్కలో ఉన్న చిరుగు కెమెరాకి కనబడలేదన్నమాట. గుడ్డలో చిరుగు వదిలేసే యంత్రం ఎవరికి కావాలి? "ఈ బోర్డుతో కాదు, ఖరీదైనది కొనుక్కో" అని సలహా వచ్చింది. దూలాభాయ్‌కి డబ్బు కంటే ఇంకో ఫికర్ ఉంది. పిల్లకి చేతిలో ఒక మామూలు నౌకరీ ఆఫర్ ఉంది, ఇంకోవైపు రిష్తాలు వస్తున్నాయి. ఇదేమో "కెర్నల్ పనే చేస్తాను, దాని మీదే ఇంకా నేర్చుకుంటాను" అని మొండికేసింది. ఆయన నాకు ఫోన్ చేసి "నువ్వు ఆ లైన్లోనే ఉన్నావుగా, నిజం చెప్పు. ఇది పనికొచ్చే ఇల్మేనా, ఖాళీ షౌకేనా?" అన్నారు.

జవాబు ఫోన్లో చెప్పేది కాదు. ఒక ఆదివారం అందరం తెనాలిలో కూడాం.

ముందు చిరునామాల సంగతి చెప్పాను. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. ఆపా ఇల్లు ఒక్క అంగుళం కూడా కదల్లేదు, చిరునామాలో జిల్లా పేరు మాత్రం మారింది. కంప్యూటర్ లోపలా ఇంతే. ప్రోగ్రాము వాడే చిరునామా ఒకటి, మెమరీ చిప్పులో అసలు చోటు ఒకటి. ఈ చిరునామా ఆ చోటుదని రాసుకునే రిజిస్టరు కెర్నల్ చేతిలో ఉంటుంది. దాన్నే పేజ్ టేబుల్ అంటారు. రిజిస్టరు కెర్నల్ రాస్తుంది, అడిగిన ప్రతిసారీ చదివి చూసేది చిప్పులో ఉండే ఎంఎంయూ అనే భాగం. ఇది కొత్త సంగతేం కాదు. ఇంగ్లాండులో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల అట్లాస్ కంప్యూటర్ 1962లోనే మెమరీని 512 పదాల పేజీలుగా కోసి ఇలా నడిపింది.

ఒక్కో బైటుకి ఒక్కో లైను రాస్తే రిజిస్టరే మెమరీ కంటే పెద్దదైపోతుంది. అందుకని మెమరీని ముక్కలుగా కోసి, ముక్కకో లైను రాస్తారు. ఆ ముక్కే పేజీ. చాలా ఏళ్లుగా మామూలు పేజీ 4 కేబీ, అంటే 4,096 బైట్లు.

"రిజిస్టరు చూడ్డానికి ఎంతసేపు?" అన్నారు అబ్బాజాన్. అసలు సవాల్ అదే.

మా దుకాణ్‌లో నాప్ పుస్తకాలు అల్మారాలో ఉంటాయి. ఏ గిరాకీ నాప్ ఏ పుస్తకంలో ఉందో చెప్పే ఇండెక్స్ పుస్తకం వేరే. ప్రతి చొక్కాకీ మెషీన్ దిగి, ఇండెక్స్ తీసి, పుస్తకం తీసి, పేజీ వెతికితే పొద్దుగూకుతుంది. అందుకే అబ్బాజాన్ మెషీన్ పక్క గోడ మీద ఆ రోజు పనిలో ఉన్నవాళ్ల నాప్‌లు సుద్దతో రాసుకుంటారు. గోడ మీద ఉంటే ఒక్క చూపు, లేకపోతే లేవాలి. చిప్పులోనూ అలాంటి గోడ ఉంది, పేరు టీఎల్‌బీ. 64 బిట్ ఆర్మ్ చిప్పుల్లో చిరునామా 48 బిట్లదైతే, 4 కేబీ పేజీల రిజిస్టరు వెతకడానికి నాలుగు మెట్లు దిగాలి. కొన్ని మెట్లు మధ్యలో క్యాష్‌లో దొరికినా, గోడ మీద చూసినంత సులువు కాదు.

గోడకి హద్దు ఉంది. కార్టెక్స్-ఏ53లో కోర్‌కి అతి దగ్గరగా 10 లైన్ల చిన్న గోడలు రెండు, ఇన్‌స్ట్రక్షన్లకొకటి, డేటాకొకటి. వాటి వెనక 512 లైన్ల పెద్ద గోడ. 512 లైన్లు, లైనుకి 4 కేబీ, మొత్తం 2 ఎంబీ. అంటే ఆ కోర్ లేవకుండా కూర్చుని చూడగలిగే మెమరీ 2 ఎంబీనే. బోర్డు మీద 1 జీబీ ఉన్నా సరే.

ఇప్పుడు భాంజీ గుడ్డ హిసాబ్ చూడండి. ఒక ఫ్రేము 1920 పిక్సెళ్ల వెడల్పు, 1080 ఎత్తు, పిక్సెల్‌కి 4 బైట్లు. మొత్తం 82,94,400 బైట్లు. 4 కేబీ పేజీల్లో సరిగ్గా 2,025. గోడ మీద 512 లైన్లే పడతాయి. ఒక్క ఫ్రేము కూడా గోడ మీద పట్టదు.

అయినా వరసగా ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతే పెద్ద నుక్సాన్ లేదు. ఒక పేజీ తెరిచి, అందులోని 1,024 పిక్సెళ్లూ చదివి, తర్వాతి పేజీకి పోతుంది. కానీ కెమెరా బిగించే చోటు కుదరక తను అడ్డంగా బిగించింది. ప్రతి ఫ్రేమునీ ముందు 90 డిగ్రీలు తిప్పాలి. తిప్పాలంటే అడ్డంగా కాదు, నిలువుగా చదవాలి. ఒక వరసకి 7,680 బైట్లు. కింది వరసలో పిక్సెల్‌కి దిగితే 7,680 బైట్ల దూరం దూకినట్టు. అది 4,096 కంటే ఎక్కువ, అంటే ప్రతి అడుగూ కొత్త పేజీలో పడుతుంది. పైనుంచి కిందికి ఒక నిలువు గీత చదివేసరికి 1,080 పేజీలు. గోడ 512 లైన్లకే నిండింది, పాతవి చెరిపి కొత్తవి రాసింది. రెండో నిలువు గీతకి మళ్లీ పైకి వస్తే, ఆ పేజీ లైను అప్పటికే చెరిగిపోయి ఉంది. మళ్లీ లేవాలి. ఫ్రేములో ఉన్న 20,73,600 పిక్సెళ్లలో దాదాపు ప్రతిదానికీ ఇదే మెహనత్.

"ఒక్కో గుండీకి ఒక్కోసారి లేచే షాగిర్ద్‌ని నేనైతే దుకాణ్‌లో ఉంచను" అన్నారు అబ్బాజాన్.

ఇప్పుడు పెద్ద పేజీ. ఆ చిప్పులోనే 2 ఎంబీ ముక్కని ఒక్క లైనుతో రాసే ఇంతెజామ్ ఉంది. 2 ఎంబీ అంటే 512 చిన్న పేజీలు. మా ఫ్రేముకి 2,025 లైన్ల బదులు నాలుగే లైన్లు. నాలుగూ ఎప్పుడూ గోడ మీదే ఉంటాయి. లేవాల్సి వచ్చినా నాలుగు మెట్లు కాదు, మూడే. పాత 32 బిట్ ఆర్మ్ చిప్పుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి, 64 కేబీ పెద్ద పేజీ, 1 ఎంబీ సెక్షన్, కొన్నింట్లో 16 ఎంబీ సూపర్‌సెక్షన్.

ఇంత ఫాయిదా ఉంటే అందరూ అన్నీ పెద్ద పేజీలే ఎందుకు వాడరు? దూలాభాయ్ అడిగారు. దీనికి జవాబు నాకంటే ముందు అబ్బాజాన్ దగ్గర ఉంది. లేచి అల్మారా మీంచి ఒక థాన్ దించారు.

"షేర్వానీకి గుడ్డ ఒకే ముక్కగా కావాలి. పొద్దున్నుంచి ఈ థాన్‌లోంచి జేబులకో ముక్క, కాలర్‌కో ముక్క, మధ్యలోంచి కోసుకుంటూ పోయాననుకో. సాయంత్రానికి కొలిస్తే గజాలకి గజాలు మిగిలే ఉంటుంది. షేర్వానీ మాత్రం రాదు."

అక్షరాలా అంతే. 2 ఎంబీ పేజీకి మెమరీలో 2 ఎంబీ ఒక్కచోట, విరగకుండా కావాలి. అదీ ఎక్కడపడితే అక్కడ మొదలవ్వకూడదు, 2 ఎంబీ గీత మీదే మొదలవ్వాలి. బోర్డు ఆన్ చేసినప్పుడు థాన్ నిండుగా ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ కెర్నల్ చిన్న చిన్న ముక్కలు ఇస్తూ, తీసుకుంటూ ఉంటుంది. ఖాళీ మెమరీ చాలా ఉన్నా అంతా కత్రన్ అయిపోతుంది. దీన్ని ఫ్రాగ్మెంటేషన్ అంటారు.

రెండో నుక్సాన్, వృథా. 5 కేబీ జరూరత్ ఉన్నవాడికి 2 ఎంబీ ఇస్తే మిగతాదంతా దండగ. మా ఫ్రేము విషయంలో కిస్మత్ బాగుంది. నాలుగు పెద్ద పేజీల్లో మిగిలేది 94,208 బైట్లే, 23 చిన్న పేజీలంత. మూడోది ఇజాజత్. ఒక పేజీకి ఒకటే హక్కు, చదవచ్చా, రాయచ్చా, నడపచ్చా అని. 2 ఎంబీకి ఒకే లైనైతే ఆ మొత్తానికీ ఒకటే హక్కు. అందులో సగానికి తాళం వేసి సగం తెరిచి ఉంచడం కుదరదు, మళ్లీ ముక్కలు చేయాల్సిందే.

అప్పుడు అబ్బాజాన్ వేసిన సవాల్ విని నేను భాంజీ వైపు చూశాను. "అయితే బేటా, షేర్వానీ గిరాకీ ఎప్పుడొస్తాడో తెలీదుగా. వాడికోసం థాన్ ఎవరు పక్కన పెడతారు?"

కెర్నల్ రాసేవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నది ఈ ఒక్క సవాల్ మీదే. జవాబులు రెండు. ఒకటి, ముందే పక్కన పెట్టడం. బోర్డు ఆన్ అవుతున్నప్పుడే, కైంచీ పడకముందే, ఇన్ని పెద్ద ముక్కలు దాచమని కెర్నల్‌కి చెప్పడం. లైనక్స్‌లో దీని పేరు హ్యూజ్‌టీఎల్‌బీ, 2002 నుంచి ఉంది. దాచింది దాచినట్టే ఉంటుంది, ఎవరూ వాడకపోయినా వేరేవాళ్లకి ఇవ్వదు. రెండోది, ప్రోగ్రాముకి చెప్పకుండా కెర్నలే సందు దొరికినప్పుడల్లా చిన్నవి తీసి పెద్దది పెట్టడం. 2002లోనే అమెరికాలో రైస్ యూనివర్సిటీకి చెందిన హువాన్ నవారో, సీతారామ్ అయ్యర్, పీటర్ డ్రుషెల్, అలన్ కాక్స్ ఫ్రీబీఎస్‌డీ మీద ఇది చేసి చూపించారు. వాళ్ల పద్ధతిలో అందం ఏమిటంటే, గిరాకీ మొదట చిన్న ముక్క అడిగినా, దాని పక్క గుడ్డ అతని కోసమే మడిచి ఉంచుతారు. అతను మళ్లీ వస్తే అందులోంచే ఇస్తారు. మొత్తం నిండగానే ఒక్క లైనుగా మార్చేస్తారు. ఈలోగా దుకాణ్‌లో గుడ్డ కరువైతే, మడిచి పెట్టింది విప్పి వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. లైనక్స్‌లోకి ఇలా తనంతట తాను జరిగే పద్ధతి 2011లో 2.6.38 కెర్నల్‌తో వచ్చింది. పేరు ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్, ఆండ్రియా ఆర్కాంజెలీ పని.

మరి ఎంబెడెడ్‌కి ఏది సరి? పెద్ద సర్వర్లలో రెండోది సుఖం. కానీ టైము తప్పకూడని యంత్రాల్లో తనంతట తాను జరిగేదానికి ఒక దాఖలా ఖర్చు ఉంది. 2 ఎంబీ ఇవ్వాలంటే ముందు అదంతా సున్నాలతో తుడవాలి. చోటు లేకపోతే ఉన్నవాటిని అటూ ఇటూ జరిపి చోటు చేయాలి. అది ఎప్పుడు జరుగుతుందో ముందు చెప్పలేం. గుడ్డ నడుస్తుండగా కెర్నల్ అల్మారా సర్దుకుంటూ కూర్చుంటే ఫ్రేము పోతుంది. అందుకే లైనక్స్‌లో రియల్‌టైమ్ ఎంపిక, పేరు ప్రీఎంప్ట్_ఆర్‌టీ, పెట్టి కెర్నల్ కడితే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ ఎంచుకోవడానికే వీలుండదు. డేటాబేస్ వాళ్లలోనూ ఈ ఖర్చుకి భయపడ్డవాళ్లున్నారు. రెడిస్ తన డాక్యుమెంటేషన్‌లోనే దీన్ని ఆపేయమంటుంది. నిర్దిష్టమైన పని చేసే చిన్న యంత్రానికి, ఎంత గుడ్డ కావాలో పొద్దున్నే తెలిసిన దర్జీకి, ముందే పక్కన పెట్టడమే సరి. భాంజీకి ఒకేసారి 8 ఫ్రేములు చేతిలో ఉండాలి. 8 ఫ్రేములకి 32 పెద్ద పేజీలు, 64 ఎంబీ. 1 జీబీలో అది భరించగలిగేదే.

ఇక్కడ భాంజీ చేసిన పని చెప్పాలి. ఇదంతా విని తను వెంటనే పెద్ద పేజీల మీద పడలేదు. "మామూ, అసలు నిలువుగా నడవడమే తప్పు కదా" అంది. బాపట్ల వెళ్లి ముందు నడక మార్చింది. మొత్తం నిలువు గీత కాకుండా 32 పిక్సెళ్ల వెడల్పు, 32 ఎత్తు ఉన్న చదరం తీసుకుని, దాన్ని తిప్పి, తర్వాతి చదరానికి వెళ్లడం. చదరానికి 32 వరసలే కాబట్టి గోడ మీద పడేది కొద్ది లైన్లే. పెద్ద పేజీలు టీఎల్‌బీ బాధే తీరుస్తాయి. ఈ నడక క్యాష్ బాధ కూడా తీరుస్తుంది. ఫ్రేములు పోవడం చాలావరకు దీంతోనే తగ్గింది. తర్వాత కెర్నల్‌ని ఆ ఎంపిక ఆన్ చేసి మళ్లీ కట్టుకుని, 32 పేజీలు ముందే పక్కన పెట్టింది. ప్రతి మార్పుకి ముందూ తర్వాతా పెర్ఫ్ అనే పరికరంతో టీఎల్‌బీ తప్పిన లెక్క రాసుకుంది. ఏ మార్పు ఎంత ఫాయిదా ఇచ్చిందో రెండు పేజీల్లో వేరువేరుగా చూపించగలిగింది. అదే పాత బోర్డు మీద తనకి కావాల్సిన వేగంలో గుడ్డ చుట్ట మొదటి నుంచి చివరి దాకా ఫ్రేము పోకుండా నడిచింది. కొత్త బోర్డు కొనలేదు.

అయినా దూలాభాయ్ సవాల్ అలాగే ఉంది. నౌకరీ సంగతి. నేను దాచకుండా చెప్పాను. యాప్‌లు, వెబ్‌సైట్లు చేసే పనికి ఉన్నన్ని ఉద్యోగాలు దీనికి లేవు. మొదటిది దొరకడానికి టైము పడుతుంది, సబర్ కావాలి. చాలా చిన్న యంత్రాల్లో ఎంఎంయూనే ఉండదు కాబట్టి అక్కడ ఈ పేజీల గొడవే రాదు. కానీ ఈ ఇల్మ్ ఎవరికీ పనికిరానిది కాదు. మీ చేతిలో ఫోన్ తీసుకోండి. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 నుంచి 4 కేబీ బదులు 16 కేబీ పేజీలతో నడిచే ఏర్పాటు ఉంది. మెమరీ ఇరుకుగా ఉన్నప్పుడు యాప్ తెరుచుకునే సమయం సగటున 3.16 శాతం తగ్గిందని, ఆ తెరుచుకునేటప్పుడు కరెంటు వాడకం 4.56 శాతం తగ్గిందని గూగులే చెప్పింది. బదులుగా మెమరీ కాస్త ఎక్కువ తింటుంది. కొత్త ఆండ్రాయిడ్ కోసం ప్లే స్టోర్‌లో పెట్టే యాప్‌లకి 2025 నవంబర్ 1 నుంచి ఇది తప్పనిసరి చేశారు. పేజీ 4 కేబీయే అని మనసులో గట్టిగా అనుకుని రాసిన కోడ్ ఎక్కడెక్కడ ఉందో వెతికి సరిచేయాల్సి వచ్చింది. ఆ వెతికేవాళ్లు పేజీ అంటే ఏమిటో తెలిసినవాళ్లే.

దూలాభాయ్ చాలాసేపు మాట్లాడలేదు. ఆపా మాత్రం ఒక్క మాటంది. "పిల్ల ఏం చదివిందో ఇవాళే తెలిసింది నాకు. నాలుగేళ్లు ఫీజు కట్టాం, ఒక్కరోజు కూడా అడగలేదు." చివరికి ఆయన ఒక సంవత్సరం ఇచ్చారు. ఆ ఆఫర్ వదులుకుని, హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉండి ఈ పనిలోనే నౌకరీ వెతుక్కోవచ్చు. రిష్తాల మాట అప్పటిదాకా ఎత్తరు. సంవత్సరంలో దొరక్కపోతే ఏం చేయాలన్నది తేల్చుకోలేదు. తేల్చమని నేనూ అడగలేదు. దొరుకుతుందని నేను పూచీ ఇవ్వలేను, ఇన్షా అల్లా అనగలను.

అబ్బాజాన్‌కి మాత్రం ఇప్పుడు షాదీల్లో జవాబు దొరికింది. ఎవరైనా "మీ అబ్బాయి ఏం చేస్తాడు?" అంటే "థాన్ కత్తిరించే పని" అంటున్నారు. విన్నవాళ్లు నేను కూడా దర్జీనే అనుకుంటున్నారు. నేను దిద్దడం లేదు.